దీర్ఘవ్యాధుల అదుపు – గృహమునందలి విద్య

వ్యాధులు స్థూలముగా రెండు విధములు. కొన్ని అతిథులవంటివి, నాలుగు దినములుండి పోవును. జలుబు, ఆటలమ్మ, గవదబిళ్ళలు ఈ తెగకు చెందినవి. మరికొన్ని ఒకసారి ఇంట అడుగుపెట్టిన పిమ్మట సాధారణముగా జీవితాంతము మనతోనే కాపురముండును. మధుమేహము, రక్తపోటు, ఉబ్బసము, గుండెజబ్బు, మూత్రపిండముల క్షీణత ఇట్టివి. వీనినే దీర్ఘవ్యాధులందురు.

మొదటి తెగ వ్యాధులను వైద్యుడు కుదుర్చును. రెండవ తెగ వ్యాధులను అదుపులో ఉంచుట వైద్యునొక్కనికి సాధ్యమగు పని కాదు. మధుమేహము గల ఒక గృహస్థు సంవత్సరమునకు నాలుగుమార్లు వైద్యుని చూచుననుకొందము. ఒక్కొక్కమారు పది నిమిషములు మాటలాడిననను, సంవత్సరమంతటిలో వైద్యుని సమక్షమున గడచినది నలువది నిమిషములే. తక్కిన కాలమంతయు అతడు తన వంటయింట, తన కార్యాలయమున, తన వీధిలో, తన వారి నడుమ గడుపును. వ్యాధి పెరుగునో అణగియుండునో నిశ్చయించునది ఆ తక్కిన కాలమే.

కావున ఈ వ్యాసమునందు మేము తల్లిదండ్రులకు విన్నవింపదలచినది ఒక్కటే. దీర్ఘవ్యాధిని అదుపులో ఉంచునది ఇంటిలోని తెలివిడి. ఔషధము ఆ తెలివిడి చేతిలోని పనిముట్టు. ఇది ఉపదేశమాత్రము కాదు. మనము నివసించు ఈ చెన్నై నగరమునందే, దీని చుట్టుపట్టులయందే, ఏడు దశాబ్దములుగా జరిగిన పరిశోధనలచే రుజువైన సంగతి.

వ్యాధి విస్తృతి

భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో చెన్నైలోని మద్రాసు డయాబెటిస్ రిసెర్చ్ ఫౌండేషన్ వారు దేశమంతట ఒక సర్వే జరిపి 2023లో దాని ఫలితములను ప్రకటించిరి. దాని ప్రకారము మన దేశమున 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహము కలదు. మరి 13 కోట్ల 60 లక్షల మంది దాని గడపవద్ద నిలిచియున్నారు. అనగా వారి రక్తములోని చక్కెర ఉండవలసిన దానికంటె హెచ్చుగానున్నది గాని వ్యాధి స్థాయికి ఇంకను చేరలేదు. పెద్దవారిలో నూటికి 35 మందికి పైగా రక్తపోటు ఉన్నట్లును ఆ సర్వేయే తెలిపినది.

ఈ వ్యాధులయందలి పెద్ద ప్రమాదము వాని మౌనము. కాలికి ముల్లు గ్రుచ్చుకొనిన తోడనే నొప్పి పుట్టును. రక్తపోటు పెరిగినపుడు చాలమందికి ఏ బాధయు ఉండదు. ఒక్కొక్క మూత్రపిండమునందు సుమారు పది లక్షల సూక్ష్మమైన వడపోత యంత్రములున్నవి. అధికమైన చక్కెరయు రక్తపోటును వానిని ఏండ్ల తరబడి ఒక్కొక్కటిగా పాడుచేయుచుండును. రక్తములో నిలిచియుండవలసిన అల్బుమిన్ అను పదార్థము మూత్రములోనికి కారుట దీనికి తొలి గుర్తులలో ఒకటి. అదియు కంటికి కనబడదు. కాళ్లు ఉబ్బి, ఆకలి చచ్చి, ఆయాసము తోచునప్పటికి పెక్కు సందర్భములలో మూత్రపిండములు చాలవరకు నశించియుండును. అటుపైన వారమునకు రెండుమూడు మార్లు డయాలిసిస్ అను రక్తశుద్ధియో, మరియొకరి మూత్రపిండమును అమర్చుటయో తప్ప గత్యంతరము లేదు. ఆ వ్యయము మధ్యతరగతి కుటుంబమును సహితము క్రుంగదీయును. పిల్లల చదువులకై దాచిన ధనము ఆసుపత్రి పాలగుట మనమెరుగని విషయము కాదు.

మదరాసు నేర్పిన తొలిపాఠము

నేడు మధుమేహమునకున్న స్థానము డెబ్బది ఏండ్ల క్రిందట క్షయవ్యాధికుండెను. క్షయ సోకినవారిని ఇల్లు విడిపించి, గాలియు వెలుతురును గల శానిటోరియమునందు నెలల తరబడి ఉంచుటయే సరియైన చికిత్సయని వైద్యలోకము నమ్మియుండెను. కాని మన దేశమున రోగులు లక్షలు. శానిటోరియములలోని మంచములు వేలు. 1956లో భారత వైద్య పరిశోధన మండలి, మదరాసు ప్రభుత్వము, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి కలిసి మదరాసులో ఒక చికిత్సా పరిశోధన కేంద్రమును నెలకొల్పినవి. నగరములోని బీదవారి నుండి 193 మంది రోగులను గైకొని, వారిలో కొందరిని శానిటోరియమునకు పంపిరి. కొందరికి వారి ఇండ్లయందే మందులిచ్చిరి. ఉభయులకును ఒకే మందులు, ఒకే సంవత్సరకాలము.

1959లో ఫలితములు వెలువడినవి. శానిటోరియమున ఉన్నవారిలో నూటికి 92 మందికి, ఇండ్లలో ఉన్నవారిలో నూటికి 86 మందికి క్షయక్రిముల విషయమున సంతృప్తికరమైన గుణము కనబడెను. శానిటోరియమున మంచి ఆహారము, విశ్రాంతి ఉండెను. ఇండ్లలో ఇరుకు, పేదరికము, పనిభారము ఉండెను. అయినను భేదము స్వల్పము. రోగి ఇంట ఉండుటచే కుటుంబములోని తక్కినవారికి వ్యాధి హెచ్చుగా సోకలేదనియు తేలెను. ఈ పరిశోధన పిమ్మట క్షయకు ఇంటివద్దనే చికిత్స చేయు పద్ధతి ప్రపంచమంతట వ్యాపించినది. ఆనాటి కేంద్రమే నేడు చేట్‌పట్‌లోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ.

ఇచ్చట గమనింపవలసిన అంశమొకటి కలదు. ఇంటివద్ద చికిత్సయనగా మాత్రలిచ్చి పంపివేయుట కాదు. కేంద్రపు కార్యకర్తలు ముందుగా తెలుపకయే ఇండ్లకు పోయి, మిగిలిన మాత్రలను లెక్కించిరి. మూత్రపరీక్షవలన రోగి మందు మ్రింగినదియు లేనిదియు తెలిసికొనిరి. కొంత గుణము కనబడగానే మందు మానివేయుట మనుష్య స్వభావము. ఇల్లు వైద్యశాల కాగలదు. కాని అందులకు తిరిగి తిరిగి వచ్చి పలుకరించు మనుష్యులు కావలెను.

పల్లెలయందలి ప్రయత్నము

ఈ పాఠమును మధుమేహమునకును రక్తపోటునకును అన్వయించినవారిలో చెన్నైలోని మూత్రపిండ వైద్య నిపుణుడు డాక్టర్ ఎం. కె. మణి ముఖ్యుడు. మూత్రపిండములు చెడిన పిమ్మట అందరికిని చికిత్స చేయు స్తోమత మన దేశమునకు లేదనియు, చెడకుండ కాపాడుటయే మార్గమనియు ఆయన నిశ్చయించెను. కిడ్నీ హెల్ప్ ట్రస్టు అను ధర్మసంస్థ పక్షమున చెన్నైకి సమీపమునగల పల్లెలలో సుమారు 25,000 మంది జనులు గల ప్రదేశమును ఎన్నుకొనిరి. ఆ పల్లెలలోనే చదువుకొన్న యువతులకు తర్ఫీదునిచ్చిరి. వారు ఇంటింటికి పోయి, కొన్ని ప్రశ్నలడిగి, రక్తపోటు కొలిచి, మూత్రములో చక్కెరయు అల్బుమినును ఉన్నవేమో పరీక్షించిరి. దోషము కనబడినవారిని మాత్రము వైద్యుడు చూచి, చవుకగా లభించు పాత మందులనే ఇచ్చెను.

ఫలితములు 2003లో ప్రకటింపబడినవి. రక్తపోటు గలవారిలో నూటికి 96 మందికి అది 140/90 కంటె తక్కువకు దిగెను. మధుమేహము గలవారిలో నూటికి 52 మందికి, సుమారు మూడు నెలల చక్కెర సగటును తెలుపు పరీక్షలో ఏడు శాతముకంటె తక్కువ వచ్చెను. ఇందులకైన వ్యయము ఆ ప్రదేశమునందలి జనులలో తలకు సంవత్సరమునకు 27 అమెరికా సెంట్లు. అప్పటి మారకము ప్రకారము పన్నెండు పదమూడు రూపాయలు. మహానగరములోని పెద్ద ఆసుపత్రులలో సైతము సులభముగా సాధ్యము కాని అదుపును పల్లెటూరి యువతులు సాధించి చూపిరి.

తమిళనాడు ప్రభుత్వమును ఇట్టి మార్గమునే అనుసరించి, 2021 ఆగస్టు 5వ తేదీన కృష్ణగిరి జిల్లాలోని సామనపల్లిలో ‘మక్కళై తేడి మరుత్తువం’ అను పథకమును ఆరంభించెను. ప్రజలను వెదకికొనుచు వచ్చు వైద్యమని దాని అర్థము. మధుమేహము, రక్తపోటు గలవారికి స్వయంసహాయక బృందముల నుండి ఎన్నుకొనబడిన మహిళా కార్యకర్తలు ఇంటికే మందులు చేర్చుటయు, మంచము పట్టినవారికి వ్యాయామ చికిత్స, ఉపశమన చికిత్స అందించుటయు ఇందులోని భాగములు.

బోధనయే ఔషధమైన విధము

పైని లెక్కలలో ఒక భేదము కనబడును. రక్తపోటు విషయమున 96. చక్కెర విషయమున 52. ఏల? మాకు తోచిన కారణమిది: రక్తపోటును మాత్ర చాలవరకు దించగలదు, చక్కెర మాత్రము ప్రతి భోజనముతోను, ప్రతి అలవాటుతోను ముడివడియున్నది. అలవాటును మార్చునది విద్య.

ఈ విద్యకెంత బలము కలదో తెలిపిన పరిశోధనయు చెన్నైలోనిదే. మధుమేహ చికిత్సకు ఈ నగరమున మంచి చరిత్ర కలదు. ప్రొఫెసర్ ఎం. విశ్వనాథన్ 1954లో రాయపురమున నెలకొల్పిన వైద్యశాల పిమ్మట ఆ వ్యాధికే ప్రత్యేకమైనదయ్యెను. పిమ్మటి తరమునకు చెందిన డాక్టర్ ఎ. రామచంద్రన్, ఆయన సహచరులు మధుమేహపు గడపవద్దనున్న 531 మందిని నాలుగు జట్లుగా విభజించిరి. ఒక జట్టునకు సామాన్యమైన సలహా మాత్రమే. రెండవదానికి ఆహారమును గూర్చియు నడకను గూర్చియు శ్రద్ధతో కూడిన బోధన. మూడవదానికి మెట్ఫార్మిన్ అను మాత్ర. నాల్గవదానికి బోధనయు మాత్రయు. 2006లో ప్రకటించిన ఫలితముల ప్రకారము మూడేండ్లలో మొదటి జట్టున నూటికి 55 మందికి మధుమేహము వచ్చెను. బోధన పొందిన జట్టున నూటికి 39 మందికే వచ్చెను. మాత్ర పుచ్చుకొన్నవారిలోను, రెండును పొందినవారిలోను ఇంచుమించుగ అంతే.

అనగా మాత్ర చేసిన పనిని మాట చేసినది. ఆ మాటయు గంభీరోపన్యాసము కాదు: దినమునకు అరగంట నడువుడు, చక్కెరయు నూనెయు తగ్గింపుడు, పీచు గల కూరలు, పప్పులు, ముడిధాన్యములు హెచ్చింపుడు. ఈ మాటను నెలకొకమారు టెలిఫోనులో గుర్తు చేసిరి. ఆరునెలలకొకమారు ఎదుట కూర్చుండి మాటలాడిరి. అంతియే. ఆ బృందమువారే జరిపి 2013లో ప్రకటించిన మరియొక పరిశోధనలో, సెల్‌ఫోనునకు తరచుగా పంపిన చిన్న సందేశములచేతనే మధుమేహము సోకినవారి సంఖ్య నూటికి 27 నుండి 18కి తగ్గెను.

సహాయ చికిత్సలు – వాని హద్దు

యోగాసనములు, ప్రాణాయామము, మూలికలు, పథ్యము, తైలమర్దనము మొదలగువానిని గూర్చి మన ఇండ్లలో రెండు విరుద్ధభావములు కలవు. ఇవి అన్ని వ్యాధులను సమూలముగా పోగొట్టునని కొందరు; ఇవన్నియు వట్టి మూఢనమ్మకములని కొందరు. రెండును సరికావు.

పల్లెలలో డాక్టర్ మణి వాడిన మందులనే చూతము. వానిలో రిసర్పిన్ ఒకటి. అది మన ఆయుర్వేదమెరిగిన సర్పగంధ వేరునుండి వచ్చినది. బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ ఆ వేరు రక్తపోటును తగ్గించు విధమును 1949లో ఒక బ్రిటిష్ వైద్యపత్రికలో ప్రకటింపగా ప్రపంచము దానివైపు చూచెను. 1952లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు అందలి సారమును వేరుచేసిరి. ఆ పల్లెలలో వాడిన మెట్ఫార్మిన్‌కును అట్టి వంశమే కలదు. యూరపు ఖండపు పల్లెవైద్యమునందలి గలేగా అను మొక్కలోని రసాయనమునకది దగ్గరి బంధువు. ఫ్రెంచి వైద్యుడు స్టెర్న్ దానిని మధుమేహమునకు వాడి 1957లో ప్రకటించెను. కావున మూలికలయందు మహిమ లేదనుట అజ్ఞానము. అయితే ఆ వేరు తూకమునకు లొంగి, ఎంత పుచ్చుకొనిన మేలో ఎంతకు మించిన కీడో తేలిన పిమ్మటనే అందరికిని ఇయ్యదగిన ఔషధమయ్యెను. రిసర్పిన్ మోతాదు మించినచో మనస్సును క్రుంగదీయుననియు అట్లే తెలిసినది.

యోగమును గూర్చియు ఇట్లే పరీక్షించి చూచిరి. గుండెపోటు వచ్చిన 3,959 మందిపై, దేశములోని 24 ఆసుపత్రులలో జరిపిన పరిశోధన 2020లో వెలువడినది. యోగాభ్యాసమువలన మరణములు నిస్సందేహముగా తగ్గినవని చెప్పుటకు ఆ లెక్కలు చాలలేదు. కాని అభ్యసించినవారు తమ ఆరోగ్యము మెరుగైనదని భావించిరి. మునుపటి పనిపాటలకు మరలుటలోను ముందుండిరి. వీరందరు ఆసుపత్రి మందులు వాడుచునే యోగము చేసినవారు. ఇదియే సహాయ చికిత్స అను మాటకు సరియైన అర్థము. సహాయకుడు యజమాని ప్రక్కన నిలుచును, యజమానిని వెడలగొట్టడు.

హద్దు దాటిన చోట అపాయము కలదు. ఇంటర్నెట్టు ద్వారా అమ్మకమునకున్న 193 ఆయుర్వేద మందులను అమెరికాలో పరీక్షింపగా, ఇంచుమించు అయిదింట ఒకదానిలో సీసమో పాదరసమో పాషాణమో ఉన్నట్లు 2008లో తేలెను. సీసము, పాదరసము మూత్రపిండములకే శత్రువులు. చేదు కాకర రసమును మధుమేహపు మాత్రలతో కలిపి వైద్యునికి తెలుపకుండ పుచ్చుకొన్నచో చక్కెర మితిమీరి పడిపోవచ్చును. అన్నిటికంటె పెద్ద అపాయము, కషాయమును నమ్మి ఇన్సులినును మానుట. కషాయము చేసిన కీడుకంటె మానిన మందు చేసిన కీడే తరచుగా హెచ్చు.

భాష చేయు సాయము

విద్యయే ఔషధమని ఒప్పుకొనినచో, ఆ విద్య ఏ భాషలో అందవలెనను ప్రశ్న పుట్టును. భాషా అల్పసంఖ్యాకులమైన మనకిది చిన్న ప్రశ్న కాదు. మనలో పెక్కురు తమిళము చక్కగా మాటలాడుదురు. అంగడిలో, బస్సులో, కచేరిలో ఏ లోపమును ఉండదు. కాని రోగము వచ్చినపుడు, ముఖ్యముగా వృద్ధులకు, నోట వచ్చునది తల్లిభాషయే. అరికాళ్ల మంటలు, తిమ్మిరి, గుండెదడ, నిస్సత్తువ – ఈ మాటలకు సరియైన తమిళపదము సమయమునకు తట్టదు. ఒకేవిధముగా వినబడు మాటలు మరింత చిక్కు తెచ్చును. తమిళమున మయక్కం అనగా తల తిరిగి సొమ్మసిల్లుట. తెలుగున మైకమనగా మత్తు. రక్తములో చక్కెర పడిపోయినవానికి ఈ రెంటికిని గల భేదము అల్పమైనది కాదు. మందు సీసాపైని అక్షరములు ఇంగ్లీషు. ఆసుపత్రి చీటీ ఇంగ్లీషు లేక తమిళము. తెలుగు మాత్రమే చదువగల అవ్వ అన్నిటికిని తల ఊపి ఇల్లు చేరును. తల ఊపుట గ్రహించుట కాదు.

ఈ లోటును తీర్చుటకు మన బడిపిల్లలు చాలుదురు. తెలుగు, తమిళము, ఇంగ్లీషు మూడును చదువగల పిల్లవాడు ఇంట ఉండగా అవ్వ మందుచీటీ అర్థము కాని కాగితముగా ఉండనక్కరలేదు. అయితే పిల్లలపై మోయరాని భారమును మోపరాదు. చీటీని తెలుగున వ్రాయుట, మాత్రవేళను గుర్తుచేయుట వారి పని. చెడువార్తను మోయుట, చికిత్సను నిర్ణయించుట పెద్దల పని.

ఇంట చేయదగిన పనులు

1. ముప్పది ఏండ్లు దాటిన ప్రతివారును, బాధ లేకున్నను, రక్తపోటును చక్కెరను పరీక్షింపించుకొనవలెను. ఈ వ్యాధులు గలవారు సంవత్సరమునకొకమారైన మూత్రములో అల్బుమినును, రక్తములో క్రియాటినినును చూపించుకొనవలెను.

2. ఇంటికొక ఆరోగ్యపు పుస్తకము ఉంచవలెను. అందు తేది, రక్తపోటు, చక్కెర, వాడుచున్న ప్రతి మందు పేరు, వేళ తెలుగున వ్రాయవలెను. కషాయములు, చూర్ణములు, తైలములు కూడ అందులో చేరవలెను. వైద్యునివద్దకు పోవునపుడు దానిని కొనిపోవలెను.

3. ఉప్పు మనిషికి దినమునకు అయిదు గ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. అది ఒక చిన్న చెమ్చాడు. ఆవకాయ, అప్పడములు, వడియములు, ఊరమిరపకాయలు మన భోజనమునకు అలంకారములు. అలంకారమును అలంకారముగానే వాడవలెను. సైంధవలవణమును ఉప్పే యని మరువరాదు. మూత్రపిండముల జబ్బు గలవారు ఉప్పునకు బదులుగా అమ్ము పొటాషియము లవణమును వైద్యుని అనుమతి లేక వాడరాదు.

4. మధుమేహము గలవారు ప్రతిరాత్రియు తమ అరికాళ్లను చూచుకొనవలెను. కంటికి ఆననిచో మనుమలచేత చూపించుకొనవలెను. స్పర్శ తగ్గిన కాలికి పుండు పడినను తెలియదు.

5. మోకాళ్ల నొప్పులకు అంగడిలో కొను నొప్పిమాత్రలను దీర్ఘకాలము వాడరాదు. అవి మూత్రపిండములను దెబ్బతీయును.

6. ఒంట్లో బాగున్నదని మందు మానరాదు. బాగుండుటకు కారణము ఆ మందే కావచ్చును.

7. ఆరోగ్య కార్యకర్త గుమ్మమునకు వచ్చినపుడు లోపలికి పిలిచి, అడిగినదానికి నిజము చెప్పవలెను. వారమునకు మూడుమాత్రలు మరచినచో మరచితిమనియే చెప్పవలెను.

తరగతి గదిలో గణితము నేర్చు విద్యార్థి తన ఇంట నెలకు కొను ఉప్పును మనుష్యుల సంఖ్యచే భాగించి, దినమునకు తలకెన్ని గ్రాములో తేల్చవచ్చును. ప్రకృతిశాస్త్రము నేర్చు విద్యార్థిని మూత్రపిండపు పటమును గీచి అమ్మమ్మకు వివరింపవచ్చును. మాతృభాషలో నేర్చిన చదువునకు ఇంతకంటె ప్రత్యక్షమైన ఫలమేమి కావలెను? ఈ ఏటి సెలవులు ముగియులోపల ప్రతి ఇంటను ఆ ఆరోగ్యపు పుస్తకములో మొదటి పుట నిండవలెనని మేము కోరుచున్నాము.